ఒకే తెర మీద పాలపిట్ట రంగులు, కారు పందేలు

అక్టోబరు

బల్ల మీద ఒక్క మానిటర్‌కే చోటుంది, దానితో రెండు పనులు జరగాలి. పక్షుల ఫోటోలు దిద్దుకోవాలి, రాత్రి కాసేపు కారు పందేల ఆట ఆడాలి. నచ్చిన ఫోటోలను ల్యాబ్‌లో 12×18 అంగుళాల సైజులో ప్రింటు వేయిస్తాను కాబట్టి తెర మీది రంగుకూ కాగితం మీది రంగుకూ పొంతన ఉండాలి. కలరీమీటర్‌తో (తెర రంగులను కొలిచే చిన్న పరికరం) కలిపి 45 వేల రూపాయలు పక్కన పెట్టాను.

గేమింగ్ మానిటర్లనూ ప్రొఫెషనల్ మానిటర్లనూ వేర్వేరుగా అమ్ముతారు గానీ, చాలావాటిలో లోపల ఉండేది ఐపీఎస్ రకం ప్యానెలే (పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారని తెర పలక). దాన్ని నడిపించే ఎలక్ట్రానిక్స్‌లోనూ, ఫ్యాక్టరీలో చేసే రంగుల సర్దుబాటులోనూ తేడా ఉంటుంది. వీఏ అనే మరో రకం ప్యానెల్‌ను మొదటే వద్దనుకున్నాను. దాని కాంట్రాస్ట్ (తెలుపుకూ నలుపుకూ మధ్య వెలుగు తేడా) 3000:1కి అటూ ఇటూ ఉంటుంది, ఐపీఎస్‌ది మామూలుగా 1000:1 చుట్టుపక్కలే. అయినా వీఏ ముందు తల కాస్త పక్కకు జరిపితే ముదురు ఛాయలు మారిపోతాయి. నీటికాకి నల్లటి ఈకల్లో వివరం ఎంత నిలపాలో తేల్చుకోవడానికి అది కుదరదు. చీకటి దృశ్యాలున్న సినిమాల కోసమే అయితే వీఏనే కొనేవాడిని.

27 అంగుళాలు, 2560×1440 అన్నది త్వరగానే తేలింది. అంగుళానికి 109 పిక్సెళ్లు వస్తాయి. అదే సైజులో 1920×1080 అయితే 82 మాత్రమే. ఈకల అంచు పదునుగా ఉందో లేదో 82లో తెలియదు.

నవంబరు

ఇప్పటి గేమింగ్ ఐపీఎస్ మానిటర్ల పెట్టెల మీద డీసీఐ-పీ3 (సినిమాల కోసం పెట్టుకున్న విశాలమైన రంగుల పరిధి) 95 శాతం అని గొప్పగా రాస్తున్నారు. కొనేవాళ్లు నిదానించి చూడాల్సింది దీన్నే. మన ఫోటోలు, వెబ్ పేజీలు, చాలా ఆటలు ఎస్‌ఆర్‌జీబీని (మామూలు తెరలకు ప్రామాణికమైన, పీ3 కంటే చిన్న రంగుల పరిధి) దృష్టిలో పెట్టుకుని తయారవుతాయి. ఫైలులో ఎరుపు 255 అని ఉంటే అది ఎస్‌ఆర్‌జీబీ ఎరుపు. సాఫ్ట్‌వేర్ ఆ సంఖ్యను ప్యానెల్‌కు తగ్గట్టు మార్చకపోతే, ప్యానెల్ తనకున్న అతి గాఢమైన ఎరుపును చూపిస్తుంది. పులికాట్‌లో తీసిన ఫ్లెమింగో రెక్కల లేత గులాబీ అంతా రాణీ రంగులోకి వెళ్లిపోతుంది. చూడటానికి బాగుంటుంది, కానీ ఆ పక్షి రంగు అది కాదు.

దీనికి విరుగుడుగా మానిటర్ మెనూలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉంటుంది. అయితే కొన్నిటిలో ఆ మోడ్ పెట్టగానే వెలుగు మార్చే వీలు పోతుంది, 200 నిట్లకు (నిట్ అంటే తెర వెలుగు కొలత) పైనే బిగుసుకుపోతుంది. అందుకే హెర్ట్జ్‌ల (తెర సెకనుకు ఎన్నిసార్లు కొత్త బొమ్మ చూపుతుందో ఆ లెక్క) కంటే ముందు నేను అడిగిన ప్రశ్న ఇదే: ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌లో వెలుగు తగ్గించుకోవచ్చా? ఒక్క ఈ ప్రశ్నతోనే నా జాబితా సగానికి తగ్గింది.

ఒక స్నేహితుడి దగ్గర అడోబీ ఆర్‌జీబీని (ఎస్‌ఆర్‌జీబీ కంటే విశాలమైన మరో రంగుల పరిధి) 99 శాతం చూపే ప్రొఫెషనల్ మానిటర్ ఉంది. నా పాలపిట్ట ఫోటోను అందులో తెరిచాం. ఎగిరేటప్పుడు రెక్కల్లో కనిపించే ఆ ఆకుపచ్చ కలిసిన నీలం ఎంత బాగా విడివిడి ఛాయలుగా వచ్చిందో! ఎస్‌ఆర్‌జీబీ బాగా ఇరుకుగా ఉండేది సరిగ్గా ఆ ప్రాంతంలోనే. అడోబీ ఆర్‌జీబీలో పరిధి హద్దులను నిర్ణయించే ఎరుపు, నీలం మూలబిందువులు ఎస్‌ఆర్‌జీబీవే, ఆకుపచ్చ ఒక్కటే దూరం జరుగుతుంది. పీ3లో ఆకుపచ్చతో పాటు ఎరుపూ జరుగుతుంది కానీ పాలపిట్ట నీలాలకు అది అంతగా సాయపడదు. కాబట్టి గేమింగ్ పెట్టె మీద పీ3 శాతం ఎంత ఎక్కువున్నా అడోబీ ఆర్‌జీబీ మానిటర్‌కు అది బదులు కాదు.

మనసు అటు లాగింది. కానీ నేను ప్రింటు వేయించే ల్యాబ్ ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్‌లే తీసుకుంటుంది. తెర మీద చూసి మురిసిపోయిన ఆ ఛాయలు అక్కడికి చేరేసరికే ఆగిపోతాయి. ఇంట్లో మంచి పిగ్మెంట్ ఇంకుల ప్రింటర్ ఉంటే మాత్రం రెండో ఆలోచన లేకుండా ప్రొఫెషనల్ మానిటరే కొనాలి. నాకు లేదు. పైగా అతని మానిటర్ 60 హెర్ట్జ్‌ది, అంటే కొత్త బొమ్మ 16.7 మిల్లీసెకన్లకోసారి వస్తుంది. 144 హెర్ట్జ్‌లో 6.9కే వస్తుంది. మలుపు తిరిగేటప్పుడు రోడ్డు అంచు ఎంత తేటగా కనిపిస్తుందో ఒకసారి చూసినవాళ్లకు వెనక్కి వెళ్లడం కష్టం.

డిసెంబరు

144 హెర్ట్జ్ ఐపీఎస్ వచ్చింది. కొత్తలో 300 నిట్లకు పైగా వెలుగుతో మండిపోతోంది. ప్రింటు నల్లగా వచ్చిందని చాలామంది ల్యాబ్‌ను తిడతారు. తెర ఇంత వెలుగులో ఉంటే మనమే ఫోటోను చీకటి చేసి పంపుతాం. ప్రింటు కోసం 80 నుంచి 120 నిట్ల మధ్య ఉంచాలి, నేను 100కి దించాను.

కొలిచే ముందు అరగంట మానిటర్‌ను వెలిగించి ఉంచాను. విండోస్‌లో రాత్రి వెలుతురు (తెరను పసుపుగా మార్చే నైట్ లైట్), హెచ్‌డీఆర్ (వెలుగుల పరిధిని పెంచే మోడ్) ఆపాను. మెనూలో డైనమిక్ కాంట్రాస్ట్, నీడలను తెల్లబరిచే గేమింగ్ సదుపాయం కూడా ఆపాను. ఎస్‌ఆర్‌జీబీ మోడ్, తెలుపు డీ65 (పగటి వెలుగు లాంటి తెలుపు), గామా 2.2 (నడిమి ఛాయలు ఎంత వెలుగుగా ఉండాలో చెప్పే సంఖ్య). ఆర్గిల్‌సీఎంఎస్ ఆధారంగా నడిచే డిస్‌ప్లేక్యాల్ అనే సాఫ్ట్‌వేర్‌తో కొలిస్తే సగటు డెల్టా-ఈ (ఉండాల్సిన రంగుకూ కనిపించే రంగుకూ తేడా) ఒకటికి లోపే వచ్చింది. ఫోటోలకు ఇంతకంటే అక్కర్లేదు.

ఓవర్‌డ్రైవ్‌ను (పిక్సెళ్లు త్వరగా రంగు మారేలా తోసే సర్దుబాటు) మధ్య మెట్టులో ఉంచాను. పెట్టె మీద రాసే 1 మిల్లీసెకను వేగం చివరి మెట్టులోనే సాధ్యం, కానీ అప్పుడు కదిలే వస్తువుల వెనక తెల్లటి చార కనిపిస్తుంది.

ఈ కొలతతో కలర్ ప్రొఫైల్ (ప్యానెల్ రంగులను వివరించే ఫైలు) తయారవుతుంది, ఆటలు దాన్ని పట్టించుకోవు. ఫోటో సాఫ్ట్‌వేర్ లాంటివే దాన్ని చదువుతాయి. అందువల్ల రెండు మోడ్‌లను మానిటర్ బటన్లకు కేటాయించుకున్నాను: ఒకటి 100 నిట్ల ఎస్‌ఆర్‌జీబీ, మరొకటి ఆటలకు పూర్తి ప్యానెల్, 200 నిట్లు.

జనవరి

నెమలి ప్రింటు వచ్చింది. కిటికీ దగ్గర పగటి వెలుగులో పెట్టి తెరతో పోల్చాను. మెడ నీలం కాస్త మందకొడిగా ఉంది, మిగతావన్నీ కుదిరాయి.

ప్రొఫెషనల్ మానిటర్‌తో తేడా రెండు చోట్ల తెలుస్తోంది. ఒకటి, తెరంతా వెలుగు సమానంగా లేదు. ఎడమ కింది మూల మధ్య భాగం కంటే పదో వంతు మసక. ఖరీదైన వాటిలో దీన్ని సరిచేసే ఏర్పాటు ఉంటుంది. ఇక్కడ లేదు కనుక రంగు తేల్చుకునేటప్పుడు ఆ భాగాన్ని తెర మధ్యకు జరుపుకుంటున్నాను. రెండు, తెల్లవారుజాము ఆకాశంలో లేత గీతలు కనిపిస్తున్నాయి. నా రంగుల సర్దుబాటు గ్రాఫిక్స్ కార్డులో 8 బిట్లలో, అంటే తక్కువ ఛాయల మెట్లతో, జరుగుతోంది; ప్రొఫెషనల్ వాటిలో మానిటర్ లోపలే 14 లేదా 16 బిట్లలో జరుగుతుంది. ఆ గీతలు ప్రింటులో లేవు.

తర్వాతి పని, ల్యాబ్ నుంచి వాళ్ల కాగితం ప్రొఫైల్ (ఆ కాగితం ఏ రంగులు చూపగలదో చెప్పే ఫైలు) తీసుకుని, పాలపిట్ట నీలం ఎక్కడ తెగిపోతుందో ప్రింటుకు ముందే తెర మీద చూసుకోవడం.