కూరగాయలు అందామంటే కూరకాయలు వచ్చింది

నేను గుంటూరు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తాను, 18 ఏళ్ళ సర్వీసు. పద్యం రాగం తీసి చదువుతుంటే పక్క క్లాసు లెక్కల మాష్టారు కూడా ఒక్క నిమిషం చాక్‌పీసు పక్కన పెట్టి వినేవాడు. ఇది గొప్ప కోసం చెప్పట్లేదు, పోయిందేంటో తెలియాలి కాబట్టి చెప్తున్నా.

థైరాయిడ్ గడ్డ ఆరేళ్ళ నుంచీ ఉంది. సూది పెట్టి పరీక్ష చేసి కాన్సర్ కాదన్నారు గానీ రెండు వైపులా కణుతులు పెరిగి గొంతు మీద ఒత్తుతున్నాయి, మొత్తం తీసేయాల్సిందే అన్నారు. ఏప్రిల్ 23న స్కూలు మూస్తారు, 26న ఆపరేషన్, జూన్ 12న తెరిచేసరికి చక్కగా కోలుకుంటా, సెలవు కూడా వాడక్కర్లేదు అని నా లెక్క. ఆపరేషన్‌కి ముందు కాగితం మీద సంతకం పెట్టించుకునేటప్పుడు సర్జన్ గారు చెప్పారు, గొంతు మారే అవకాశం ఉందమ్మా, కొందరికి కొన్నాళ్ళు, నూటికి ఒకరిద్దరికి ఎప్పటికీ అని. నేను తలూపి సంతకం పెట్టా. ఆ ఒకరిద్దరు ఎవరో వేరేవాళ్ళు అనుకుంటాం కదా అందరం.

మెలకువ వచ్చాక మా ఆయన్ని మంచినీళ్ళు అడుగుదామని నోరు తెరిస్తే గాలి వచ్చింది. మాట ఆకారంలో గాలి, అంతే. మత్తు ఇచ్చేటప్పుడు గొంతులో ట్యూబ్ వేస్తారు, ఆ వాపు, రెండు మూడు రోజుల్లో తగ్గిపోద్ది అని నర్సమ్మ అంది. ఆ తర్వాత నీళ్ళు ఇచ్చారు, ఒక్క గుక్క తాగానో లేదో కొరపోయి దగ్గు. ఆ దగ్గు కూడా దగ్గులా లేదు, టైరులో గాలి తీసినట్టు హుస్సుమంటోంది.

రెండు మూడు రోజులు కాదు, మూడు వారాలైనా అంతే. ఇంటికొచ్చాక ఎవరి వైద్యం వాళ్ళది. మిరియాల పాలు, కలకండ, అతిమధురం, కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోమని ఒకావిడ, ఉప్పు నీళ్ళు పుక్కిలించమని ఇంకొకావిడ. అన్నీ చేశా. తర్వాత తెలిసింది ఏంటంటే మనం మింగేది ఏదీ స్వరతంత్రులకి, అంటే గొంతులో శబ్దం పుట్టించే పట్టీలకి, తగలదు, అది అన్నవాహికలోకి పోద్ది, ఒకవేళ తగిలిందంటే అదే కొరపోవడం. అంటే మా పక్కింటావిడ కషాయం నా గొంతు దాకా వెళ్ళి పక్కదారిలో దిగిపోయేదన్నమాట.

గొంతు పోవడం అంటే మాట పోవడమే అనుకుంటారు, నేనూ అనుకున్నా. బట్టల బకెట్ ఎత్తబోతే చేతుల్లో పట్టు లేదు. బరువు ఎత్తేటప్పుడు మనం తెలియకుండానే గొంతు మూసి ఊపిరి బిగబడతాం, నాకు అక్కడ తలుపే సగం తెరుచుకుని ఉంది, ఇంక బిగబట్టేదేముంది. పొద్దున్నే ముక్కాల్సిన పని ఇంకోటుంటుంది, దాని సంగతి మీరే అర్థం చేసుకోండి. ఇక మెడికల్ షాపులో జరిగింది చెప్తే మా చెల్లెలు ఇప్పటికీ నవ్వుతుంది. థైరాయిడ్ తీశాక కాల్షియం బిళ్ళలు వేసుకోమన్నారు, అవి అయిపోయాయి, నేనే వెళ్ళి కౌంటర్ దగ్గర నిలబడి బలమంతా పెట్టి "బిళ్ళలు కావాలి బాబూ" అన్నా. వాడు నా వంక, నా పక్కనున్న మా ఆయన వంక చూసి "పిల్లలకా మేడమ్, దానికి డాక్టర్ చీటీ ఉండాలండీ" అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టక పడుకుని ఒక్కొక్క మాట నాలో నేను పలికి చూసుకున్నా. బడి గంట అంటే పడి కంట. దండ అంటే తంట. కూరగాయలు అంటే కూరకాయలు. అప్పుడు తట్టింది, గ జ డ ద బ పలకట్లేదు, వాటి చోట క చ ట త ప వస్తున్నాయి. నా నోట్లో సరళాలు పోయి పరుషాలు మిగిలాయి. కూర, కాయలు కలిస్తే కూరగాయలు, గసడదవాదేశ సంధి, 18 ఏళ్ళుగా బోర్డు మీద కలుపుతున్నా, ఆ సంధి నా నోట్లోనే విడిపోయింది. ఏడవాలో నవ్వాలో తెలీలేదు. ఏడిస్తే సౌండ్ కూడా రాదు.

మే నెల మధ్యలో ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ముక్కులో మత్తు మందు స్ప్రే కొట్టి సన్నటి కెమెరా వైరు లోపలికి పంపారు, అసౌకర్యంగా ఉంటది గానీ నొప్పి కాదు. స్క్రీన్ మీద రెండు తెల్లటి పట్టీలు, అవే స్వరతంత్రులు, ముందు కలిసి వెనక విడిపోయి నాగలి కర్రులా. "ఈ..." అనండమ్మా అన్నారు. కుడిది టక్కున మధ్యలోకి వచ్చింది. ఎడమది కదల్లేదు, గోడకి ఆనుకుని నిలబడిన మొండి పిల్లాడిలా అక్కడే ఉంది. ఆడవాళ్ళు మాట్లాడేటప్పుడు ఆ రెండూ సెకనుకి దాదాపు 200 సార్లు కొట్టుకుంటాయట, ఆ కొట్టుకోవడమే నాదం, దానివల్లే క కాస్తా గ అవుద్ది. నాకు ఎడమ పట్టీ మధ్యలోకి రాదు కాబట్టి గాలి ఆ సందులోంచి జారిపోతోంది.

దాన్ని కదిలించే నరం పేరు రికరెంట్ లారింజియల్ నర్వ్. అది తలలోంచి వస్తూ తిన్నగా గొంతుకి వెళ్ళొచ్చు కదా, వెళ్ళదు. ఎడమది ఛాతీలోకి దిగి గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం చుట్టూ తిరిగి మళ్ళీ పైకొస్తది, గుంటూరు నుంచి తెనాలికి విజయవాడ మీదుగా వెళ్ళినట్టు. పైకొచ్చేటప్పుడు సరిగ్గా థైరాయిడ్ వెనక నుంచే వస్తది. నాది తెగలేదు, గడ్డ పెద్దది కావడంతో సాగి దెబ్బతిని ఉంటుంది అన్నారు. నరం కోలుకోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది చూడాలి, ఈలోపు ఊరికే కూర్చోకుండా స్పీచ్ థెరపిస్ట్‌ని కలవండి అన్నారు.

స్పీచ్ థెరపీ అంటే నత్తి ఉన్నవాళ్ళకి, మాటలు ఆలస్యమైన పిల్లలకి అనే నాకు తెలుసు. వెయిటింగ్ హాల్లో అందరి చేతుల్లోనూ చిన్నపిల్లలే, నేనొక్కదాన్నే 43 ఏళ్ళ పిల్లని. మా థెరపిస్ట్ అమ్మాయి మైసూరులో చదువుకుని వచ్చింది, అక్కడ 1965 నుంచీ దీనికోసమే ఒక పెద్ద కేంద్ర సంస్థ ఉంది. ఒకటి మాత్రం చెప్తా, థెరపిస్ట్ అని బోర్డు చూసి వెళ్ళిపోకండి, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబర్ ఉందో లేదో అడగండి, అడగడంలో తప్పేం లేదు.

మొదటి రోజు వాచీ పెట్టి ఒక్క ఊపిరిలో "ఆ..." ఎంతసేపు అంటానో చూసింది. 4 సెకన్లు. మామూలుగా 15 దాకా రావాలట. తర్వాత పాము బుస కొట్టినట్టు స్స్ అనమంది, 13 సెకన్లు వచ్చింది. ఇంగ్లీషు జెడ్ లాగా జ్జ్ అనమంది, 5 దగ్గర ఆగిపోయా. మీ ఊపిరితిత్తులు బానే ఉన్నాయి మేడమ్, మీటర్ దగ్గరే లీకు అంది. ముందు గుసగుసలు మానేయమంది. నేనేమో గొంతుకి రెస్ట్ ఇస్తున్నా అనుకుని నెల నుంచీ గుసగుసే, దానివల్ల చుట్టూ కండరాలు బిగుసుకుపోయి మెడ రాయిలా అయిందంట. నీళ్ళు తాగేటప్పుడు గడ్డం ఛాతీ వైపు దించి తాగమంది, ఆ రోజే కొరపోవడం సగం తగ్గింది, ఈ ఒక్క ముక్క హాస్పిటల్లో మొదటి రోజే ఎవరైనా చెప్పుంటే నెల రోజులు నీళ్ళంటే భయపడేదాన్ని కాదు. తల ఎడమకి తిప్పి మాట్లాడితే స్వరం కొంచెం గట్టిపడేది. ఇంకోటి, గ్లాసులో నీళ్ళు పోసి స్ట్రా పెట్టి ఊదుతూ "ఊ..." అనాలి, రోజుకి ఐదారు సార్లు. మా అబ్బాయి ఫ్రూటీ స్ట్రాలన్నీ నాకే.

మా అత్తయ్య సంగతి ఇక్కడే చెప్పాలి. ఆవిడకి 74, చెవి సరిగ్గా వినపడదు, మిషన్ కొనిస్తే బీరువాలో పెట్టింది. ఇంట్లో ఒకరికి గొంతు లేదు, ఒకరికి చెవి లేదు, మధ్యలో మా ఆయన దుబాసీ. ఒకసారి తోడు వచ్చి, తనకి కూడా పరీక్ష చేయమంది, ఎందుకంటే ఈ స్పీచ్ థెరపిస్ట్‌ల డిగ్రీ ఒక్కటే, చెవికీ మాటకీ కలిపి. గ్రాఫు చూపించి ఆ అమ్మాయి చెప్పింది, బామ్మగారికి అచ్చులు వినపడతాయి, వయసు పెరిగితే ముందు పోయేది సన్నటి శబ్దాలు, స, త, క లాంటివి, అందుకే వినపడుతోంది గానీ అర్థం కావట్లేదు అంటారు అని. నేను ఉలిక్కిపడ్డా. అత్తయ్యకి పరుషాలు వినపడవు, నాకు సరళాలు పలకవు. మా ఇద్దరికీ కలిపితే ఒక్క వర్ణమాల. ఆవిడ మాత్రం తేలిగ్గా "నేను ముందునుంచీ చెప్తూనే ఉన్నా అమ్మాయ్, మీరే గొణుగుతారని" అంది. మిషన్ మాత్రం బీరువాలోంచి బయటికొచ్చింది, అది వేరే పెద్ద కథ.

జూన్ 12 రానే వచ్చింది. మెడలో వేసుకునే మైకు స్పీకరు కొనుక్కుని వెళ్ళా. మైకు లేని గొంతుని తెచ్చివ్వదు, ఉన్నదాన్ని పెంచుతుంది, నాకున్నది గాలి కాబట్టి క్లాసంతా తుఫాను సౌండు. మైకు తీసేసి మెల్లగా "పుస్తకాలు తియ్యండి" అంటే ముందు బెంచీ పిల్లవాడు వెనక్కి తిరిగి గుసగుసగా "పుస్తకాలు తియ్యమంటున్నారు" అన్నాడు, వాడి వెనకవాడూ గుసగుసగానే. 48 మంది గుసగుసలాడుతున్న తొమ్మిదో తరగతిని మా హెడ్మాస్టర్ గారు కిటికీలోంచి చూసి భయపడి లోపలికొచ్చారు. అంత క్రమశిక్షణ నా సర్వీసులో ఎప్పుడూ లేదు. కానీ స్టాఫ్‌రూమ్‌లో "మేడం గారికి ఇంకో సబ్జెక్టు ఏదైనా, రాసే పని" అని ఎవరో అన్నది విన్నా. ఆ మాట నీళ్ళకంటే గట్టిగా కొరపోయింది.

జులైలో ఇంజెక్షన్ చేయించుకున్నా. మెలకువగానే ఉంటాం, ముక్కులో కెమెరా, మెడ పైనుంచి సూది, కదలని పట్టీలోకి జెల్ ఎక్కించి మధ్యలోకి తోస్తారు, కుడిది వచ్చి దాన్ని తాకేలా. సగం ఎక్కించాక "ఈ" అనండమ్మా అన్నారు, అన్నా, అది నా గొంతు! బొంగురుగా, చుట్టాలావిడ గొంతులా, కానీ గొంతు. ఆ జెల్ కొన్ని నెలల్లో కరిగిపోద్ది, అది కరిగేలోపు నరం లేస్తుందేమో చూద్దాం అన్నారు.

డిసెంబర్‌లో మళ్ళీ కెమెరా. ఎడమది ఇంకా సరిగ్గా కదలట్లేదు, కానీ సత్తువ వచ్చింది, కుడిది కొంచెం గీత దాటి వచ్చి దాన్ని కలుస్తోంది. "ఆ..." 12 సెకన్లు. సీసపద్యం ఒక పాదం ఒక్క ఊపిరిలో వస్తుంది, పై స్థాయి మాత్రం రాదు, రాగం ఎత్తుకుంటే చీలిపోద్ది, అది వస్తుందని డాక్టర్ గారూ అనలేదు. సాయంత్రం అయ్యేసరికి అలసట. కాఫీ తాగేటప్పుడు ఎవరైనా నవ్విస్తే ఇప్పటికీ ప్రమాదమే.

ఆ వారమే గసడదవాదేశం చెప్పాల్సొచ్చింది. ఈసారి బోర్డు మీద సూత్రం రాయలేదు, అందర్నీ గొంతు మీద వేళ్ళు పెట్టుకోమన్నా. క అనండి, ఇప్పుడు గ అనండి, ఏం తెలుస్తోంది? 48 మంది కకగగలతో గది హోరెత్తిపోయింది, ఒకడు "టీచర్, గ అంటే లోపల దోమ ఉన్నట్టుంది" అన్నాడు. వెనక బెంచీ అమ్మాయి లేచి "టీచర్ మీకు?" అంది. నేనూ వేళ్ళు పెట్టుకుని గ అని చూసి చెప్పా, "ఉందే, కాకపోతే నాది కొంచెం ముసలి దోమ."