మాట అందుకోవడం

మన బడి వార్షికోత్సవ నాటకాల్లో తెర చాటున నిలబడి తెలుగు మాస్టారు మాటలు అందించేవారు. మరిచిపోయినవాడికే ఆ సాయం. సీరియల్ సెట్లో అందరికీ అదే ఆధారం. సీన్ పేపర్ చాలాసార్లు ఆ పూటే చేతికొస్తుంది, బట్టీ పట్టే వ్యవధి ఉండదు. అసిస్టెంట్ డైరెక్టర్ కెమెరా పక్కన నిలబడి డైలాగు పైకి చదువుతాడు, ఆర్టిస్టు అందుకుని చెబుతాడు. తరవాత డబ్బింగ్ చెబుతారు కనుక ఆ ప్రాంప్టింగ్ టీవీలో వినపడదు. నటన మీద మనసున్న మన బడి పిల్లలు ముందు నేర్వాల్సిన విద్య ఇదేనని నా గట్టి నమ్మకం.

చూసేవాళ్లకు చిలక పలుకుల్లా ఉంటుంది గానీ, అది చాలా కష్టం. గొంతు వచ్చిన వైపు కళ్లు లాగేస్తాయి. క్లోజప్‌లో కనుపాప రవ్వంత కదిలినా తెలిసిపోతుంది. పైగా ప్రాంప్టర్ ఏ భావమూ లేకుండా చదువుతాడు, కొత్తవాళ్లు అదే రాగం ఒప్పజెప్పేస్తారు. ‘నువ్వీ గడప దాటితే... నా శవమే చూస్తావ్’ అన్న మాటే తీసుకోండి. మొదటి ముక్క అందుకుని చెప్పాక, రెండో ముక్క చెవిన పడేదాకా ఒక క్షణం ఖాళీ. ఆ క్షణంలో ముఖం వినేవాడి ముఖంలా కాక, మాట నోటిదాకా వచ్చి ఆగినవాడి ముఖంలా ఉండాలి. అనుభవమున్న నటులు ఆ ఖాళీలోనే ఊపిరి పీల్చుకుంటారు. ఇంట్లో ఎవరిచేతనైనా పేపరు చదివించుకుంటూ, గోడ మీది ఒక్క చుక్క మీంచి చూపు తిప్పకుండా రోజూ అరగంట సాధన చేస్తే పట్టుబడుతుంది.

ఈ పద్ధతి వల్లే పరభాషా నటులూ ఇక్కడ నిలదొక్కుకున్నారు. 2017 నుంచి 2023 దాకా స్టార్ మాలో నడిచిన ‘కార్తీక దీపం’లో వంటలక్కగా ఇంటింటి మనిషైపోయిన ప్రేమి విశ్వనాథ్ మలయాళీ. మలయాళ మాతృక ‘కరుత్తముత్తు’లోనూ ఆవిడ నటించారు. మన పిల్లలకు తెలుగు పుట్టుకతో వచ్చింది. ఒత్తులు, శ, ష సరిగా పలికే నాలుక ఉంటే డబ్బింగ్‌లో సొంత గొంతే ఇచ్చుకోవచ్చు.

ఇక కంటిన్యుటీ, అంటే వేర్వేరు రోజుల్లో తీసిన ముక్కలు ఒకే సీనులా కలవడం. హాల్లోంచి గదిలోకి నడిచే సీనులో హాలు భాగం ఈ రోజు తీసి, గది భాగం ఐదు రోజుల తరవాత తీయొచ్చు. చీర, బొట్టు సైజు, ఏ చేతికి ఎన్ని గాజులు, పూలు ఎడమనా కుడినా, అన్నీ కలవాలి. అసిస్టెంట్లు ఫొటోలు తీస్తారు గానీ, సీన్ నంబరు వేసి మీ ఫోన్లోనూ ఒకటి ఉంచుకోండి. బట్టలు చాలావరకు ఆర్టిస్టే తెచ్చుకోవాలి. కథలో ఒక్క రోజు జరిగే పెళ్లి వారం పైగా షూటింగ్ సాగుతుంది, అన్నాళ్లూ అదే చీర. ఉతికితే రంగు తేడా వస్తుంది, కాబట్టి నీడలో ఆరబెట్టి ఇస్త్రీ చేయిస్తారు. జాకెట్టు మాత్రం ఒకే గుడ్డలో రెండు కుట్టించుకోవాలి, చెమట మరక క్లోజప్‌లో దాగదు. ఆ ట్రాక్, అంటే కథలో ఆ భాగం, ప్రసారమై ముగిసేదాకా ఆ చీర ఎవరికీ ఇచ్చేయొద్దు, ప్యాచ్ వర్క్ (మిగిలిపోయిన చిన్న ముక్కలు తరవాత తీయడం) ఎప్పుడైనా పడొచ్చు.

డబ్బు సంగతి. పారితోషికం రోజు లెక్క. నెలకు ఎన్ని రోజులు పిలుస్తారన్నది ట్రాక్‌ని బట్టి, ట్రాక్ టీఆర్పీని బట్టి మారుతుంది. చేతికి రావడానికి రెండు మూడు నెలలు పట్టే చోట్లు ఉన్నాయి. అందుకే ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన ఉంచుకుని దిగాలి. రెండు సీరియళ్లు ఒప్పుకుంటే డేట్లు రాతపూర్వకంగా రెండు సీరియళ్లవాళ్లకూ ముందే చెప్పాలి, తేదీలు కొట్టుకున్న చోటే పాత్రలు చేతులు మారతాయి. అవకాశం ఇప్పిస్తామని ముందుగా డబ్బడిగితే అక్కడినుంచి లేచి వచ్చేయండి. ఆడిషన్‌కు కావలసింది ఒక నిమిషం వీడియో: పేరు, ఎత్తు, వయసు, ముఖం ఎడమ కుడి పక్కల నుంచి, ఫిల్టర్ లేకుండా, ఒక చిన్న డైలాగు.