పేరు తెలియని మనిషికి పేజీ నంబర్లు

శనివారం, రాత్రి 10 దాటింది.

ఇవాళంతా నా పుస్తకం పదసూచికతోనే, అంటే ఏ పేరు ఏ పేజీలో ఉందో చివర్లో చెప్పే జాబితాతోనే సరిపోయింది. ప్రూఫులు వచ్చి నాలుగు రోజులైంది. పేజీ నంబర్లు ఖరారైతే గానీ ఈ పని మొదలుపెట్టలేం, మొదలుపెట్టాక వారంలోపు ఇచ్చెయ్యాలి. చాలామంది దీన్ని వేరేవాళ్ళకి అప్పజెప్పేస్తారు. నేను మాత్రం ఇంతవరకూ ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఏళ్ళ తరబడి రాసిన పుస్తకంలో ఎవరికి ఎంత చోటిచ్చానో నాకు తేటతెల్లంగా కనబడేది ఇక్కడే. రాస్తున్నప్పుడు అందరికీ న్యాయం చేశాననే అనుకుంటాం. పదసూచిక దగ్గరికొచ్చేసరికి లెక్క బయటపడుతుంది.

పొద్దున్న "గ" దగ్గర ఆగిపోయాను.

"గామా, వాస్కో డ" అన్న పేరు కింద నంబర్లు రెండు వరుసలు నిండాయి. వాటి కింద ఉపశీర్షికలు: లిస్బన్ నుంచి బయలుదేరడం, మొజాంబిక్‌లో, మలిందిలో, కాలికట్‌లో, తిరుగు ప్రయాణం. "మలిందిలో" అన్నచోట 112, 113, 118. పెన్సిలు పట్టుకుని ఆ మూడు పేజీలూ మళ్ళీ చదివాను. నిజానికి ఆ పేజీల్లో కథ గామాది కాదు, ఆఫ్రికా తూర్పు తీరంలోని మలింది రాజు అతనికి ఇచ్చి పంపిన పైలట్‌ది, ఓడకి దారి చూపే మనిషిది. ఆ పైలట్‌కి నా పదసూచికలో చోటే లేదు. పేరు తెలిస్తే కదా, ఏదో ఒక అక్షరం కింద పెట్టడానికి!

అక్కడే గంటసేపు కూర్చుండిపోయాను. చరిత్రకారిణిగా 26 ఏళ్ళుగా నేను చేస్తున్న పని ఇదే, ఇలాంటి మనుషుల్ని వెతకడమే. అలాంటిది నా పుస్తకంలోనే అతను కనబడకుండా పోయాడు.

గామా 1497 జులై 8న లిస్బన్ నుంచి బయలుదేరాడు. ఆఫ్రికా చుట్టూ తిరిగి మలింది చేరడానికి తొమ్మిది నెలలు పట్టింది. అక్కడ పైలట్ దొరికాడు. 1498 ఏప్రిల్ 24న తెరచాపలెత్తారు. 23 రోజుల్లో సముద్రం దాటేశారు. మే 18న కొండలు కనబడ్డాయి, 20న కాలికట్ దగ్గర లంగరు వేశారు. పిల్లల పాఠాల్లోకి ఎక్కిన తేదీ ఆ 20వ తేదీయే. నాకు మాత్రం తిరుగు ప్రయాణమే ముఖ్యం. అక్టోబర్ 5న మన పశ్చిమ తీరంలోని అంజెదివ దీవి వదిలారు. ఈశాన్యపు గాలులు ఇంకా నిలదొక్కుకోలేదు. ఒక రోజు గాలి ఉండదు, ఉన్న రోజు ఎదురుగాలి. వెళ్ళేటప్పుడు 23 రోజుల్లో దాటిన సముద్రానికి ఈసారి మూడు నెలలకు మూడు రోజులు తక్కువ పట్టింది. చిగుళ్ళు వాచి పళ్ళని కప్పేశాయి, తిండి నమల్లేకపోయారు, కాళ్ళు ఉబ్బిపోయాయి. స్కర్వీ, విటమిన్ సి అందక వచ్చే జబ్బు. ఆ దాటింపులోనే 30 మంది పోయారు. ఒక్కో ఓడలో పని చెయ్యగలిగినవాళ్ళు ఏడెనిమిది మందే మిగిలారు. మూడు ఓడలు నడపడానికి మనుషులు చాలక, సావ్ రఫాయెల్ అనే ఓడని వాళ్ళే తగలబెట్టుకున్నారు.

సముద్రం అదే, ఓడలూ అవే, కెప్టెనూ అతనే. తేడా అంతా రుతువులో ఉంది. ఏ రుతువులో ఏ గాలి వీస్తుందో, ఎప్పుడు బయలుదేరాలో ఎప్పుడు ఆగాలో తరతరాలుగా తెలిసినవాళ్ళు ఆ సముద్రం మీద ఉన్నారు. అలాంటి మనిషి ఒకడు ఆ 23 రోజులూ ఓడలో ఉన్నాడు. గామా ధైర్యాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ "భారతదేశానికి సముద్ర మార్గం కనుగొన్నాడు" అన్న వాక్యం చూసినప్పుడల్లా ఆ క్రియాపదం దగ్గర గుచ్చుకుంటుంది. దారి తెలిసినవాడు పక్కనే నిలబడి చూపిస్తుంటే "కనుగొనడం" ఏమిటి?

ఆ ప్రయాణం గురించి ఓడలో ఉన్న మనిషే రాసిన దినచర్య ఒకటి ఉంది. అసలు ప్రతి మిగల్లేదు. ఒకే ఒక నకలు పోర్చుగల్‌లోని పోర్తో నగర గ్రంథాలయంలో ఉంది. 1499 ఏప్రిల్ 25 దగ్గర ఉన్నట్టుండి ఆగిపోతుంది. రాసినవాడు పేరు చెప్పుకోలేదు. అల్వారు వెల్యు అయ్యుండొచ్చని చాలామంది అంటారు. హక్లూట్ సొసైటీ 1898లో వేసిన ఇంగ్లీషు అనువాదంలో నేను మొదట చదివాను. 1846లో పుట్టిన ఆ సంస్థ పని ఇలాంటి యాత్రా పత్రాల్ని అచ్చువెయ్యడమే. మా రంగంలోకి వచ్చేవాళ్ళందరూ ఏదో ఒక రోజు ఆ సంపుటాల ముందు కూర్చోవాల్సిందే.

అందులో పైలట్ గురించి ఉన్నది ఒక్క ముక్క. రాజు ఒక "క్రైస్తవ" పైలట్‌ని పంపాడని. అప్పట్లో ఆ నావికులకి ముస్లిం కానివాడల్లా క్రైస్తవుడిలాగే కనబడ్డాడు. కాలికట్‌లో గుడికి వెళ్ళి చర్చి అనుకుని మోకరిల్లిన మనుషులు వాళ్ళు. కాబట్టి ఆ మాటని పట్టుకుని ఏమీ తేల్చలేం. తర్వాత 16వ శతాబ్దపు పోర్చుగీసు చరిత్రకారులు కస్తన్యేదా, బారోస్ అతను గుజరాతీ అని రాశారు. పేరు ఒకరు "మాలెమో కనకా" అన్నారు, ఇంకొకరు "మాలెమో కనా" అన్నారు. హమ్మయ్య, పేరు దొరికిందనుకుంటాం. దొరకలేదు. "మాలెమో" అంటే అరబ్బీ ముఅల్లిం, ఓడ నడిపే నేర్పరి. "కనకా" అంటే మన గణకుడే, నక్షత్రాల లెక్క కట్టేవాడు. అంటే ఓడలో అతన్ని పనిని బట్టి పిలిచిన పిలుపుల్నే పేరనుకుని రాసుకున్నారు.

పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో నేను కూడా అతన్ని ఇబ్న్ మాజిద్ అనే చెప్పేదాన్ని. అరబ్బు సముద్రవిద్యలో అంతటి పండితుడు మరొకడు లేడు, పైగా గొప్ప కథకి గొప్ప పేరు అతికినట్టు సరిపోతుంది. 16వ శతాబ్దంలో మక్కా చరిత్రకారుడు నహ్రవాలీ రాసిన ఒక మాటని 20వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి పండితుడు గాబ్రియెల్ ఫెరాన్ పైకి తేవడంతో అది లోకమంతా పాకింది. ఇబ్న్ మాజిద్ రచనల్లో తానే ఆ ఓడ నడిపానని ఎక్కడా లేదు. పోర్చుగీసువాళ్ళేమో గుజరాతీ అంటున్నారు. ఇప్పుడు ఆ కథని పండితులు దాదాపుగా వదిలేశారు. మూడేళ్ళపాటు తప్పు చెప్పానని తెలిసిన రోజు నిద్రపట్టలేదు. తర్వాతి ఏడాది మొదటి క్లాసులోనే ఆ తప్పుని బోర్డు మీద రాసి, ఎలా జరిగిందో చెప్పాను. ఇప్పటికీ ప్రతి ఏడూ చెబుతాను.

ఉద్యోగం కోసం తిరుగుతున్న రోజుల్లో ఒక ఎంపిక సంఘంలో పెద్దాయన ఒకరు, "మీరు చెప్పేది బాగుంది గానీ, ఇది ఫుట్‌నోట్ కదా?" అన్నారు. ఆ ఉద్యోగం రాలేదు. ఆ మాట మాత్రం ఉండిపోయింది. ఈ పదసూచికని ఎవరికీ ఇవ్వకపోవడానికి ఆ మాట కూడా ఒక కారణం అనుకుంటాను.

మధ్యాహ్నం ఒక విద్యార్థిని వీడియోలో మాట్లాడింది. పరిశోధనకి అంశం ఎంచుకుంటోంది. హిందూ మహాసముద్రం మొత్తాన్నీ, ఐదు శతాబ్దాల్నీ పట్టుకుందామని ఉత్సాహం. "మేడమ్, ప్రపంచ చరిత్ర రాయాలంటే ఎన్ని భాషలు రావాలి?" అంది. ముందు ఒక భాషలో ఒక పత్రాన్ని ఆఖరి మరక దాకా చదవడం రావాలమ్మా అన్నాను. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. నాకూ జాలేసింది, కానీ అబద్ధం చెప్పలేను కదా. మా రంగంలో ఇప్పుడున్న పెద్ద ప్రమాదం అదే. ఇతరులు రాసిన పుస్తకాల మీద పుస్తకం పేర్చి, ఖండాల మీదుగా ఎగిరిపోవచ్చు. చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ అలా ఎగిరేవాళ్ళకి మలింది పైలట్ ఎప్పటికీ కనబడడు.

చరిత్రకారుడు సంజయ్ సుబ్రహ్మణ్యం సంగతి చెప్పాను. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో అర్థశాస్త్రం చదివి, ఆర్థిక చరిత్ర మీదుగా ఇటు వచ్చినవాడు. దేశాల చరిత్రల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం కాదు, వాటి మధ్య నడిచిన దారాల్ని పట్టుకోమని 1997లో "అల్లుకున్న చరిత్రలు" అన్న ఆలోచనని ముందుకు తెచ్చాడు. అంతటివాడు కూడా దక్షిణ భారతంలో చరిత్రని ఎలా రాసుకున్నారో చెప్పాల్సి వచ్చినప్పుడు ఒక్కడే కూర్చోలేదు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌లతో కలిసి 2001లో ఆ పుస్తకం తెచ్చాడు. ఒక్కరికి అన్ని భాషలూ రావు, పక్కవాడికి వచ్చినది నమ్మడం నేర్చుకోవాలి అన్నాను. అప్పుడు కాస్త నవ్వింది.

ఫోను పెట్టేశాక మళ్ళీ ప్రూఫులు. 121వ పేజీ నాకు చాలా ఇష్టం. కాలికట్‌లో మొదట ఒడ్డుకి దింపింది గామాని కాదు, ఓడలో తెచ్చుకున్న ఒక శిక్షపడ్డ ఖైదీని. అతనికి అక్కడ ఎదురైనవాళ్ళు ట్యునిస్ నుంచి వచ్చిన ఇద్దరు ముస్లింలు. కస్టిలియన్, జెనోవా భాషలు మాట్లాడగలరు. "నిన్ను దెయ్యం ఎత్తుకుపోను, ఇక్కడికెలా వచ్చావు?" అని వాళ్ళు మొదట పలకరించారట. పది నెలలు ఆఫ్రికా చుట్టూ తిరిగి కొత్త లోకానికి వచ్చామనుకున్నవాళ్ళకి అక్కడ తమకు తెలిసిన భాషలోనే తిట్టు వినబడింది. ప్రపంచ చరిత్ర అంటే నాకు ఈ దృశ్యమే. దారులు అప్పటికే ఉన్నాయి, మనుషులు వాటి మీద తిరుగుతూనే ఉన్నారు.

"ఎ" కింద మెగెలాన్ దుబాసీ ఎన్రికే ఉన్నాడు. ఆ పేరూ యజమాని పెట్టించిందే. "త" దగ్గర పాలినీషియా నావికుడు తుపాయా. అతని కథ నాకు ప్రతిసారీ ఊపిరినిస్తుంది. 1769లో తహితి దగ్గర ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ కుక్ ఓడ ఎక్కాడు. తన మనసులో ఉన్న 74 దీవుల పటాన్ని కాగితం మీదికి తెచ్చాడు. మరుసటి ఏడాది బటేవియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, జబ్బుపడి చనిపోయాడు. ఆ యాత్రలో వేసిన కొన్ని నీటిరంగుల బొమ్మలు ఎవరివో తెలియక, చాలా కాలం "శోక వేషధారి బొమ్మ గీసినవాడు" అన్న కల్పిత పిలుపు కిందే ఉండిపోయాయి. వాటిలో ఒకదానిలో ఒక మావోరీ మనిషి పెద్ద రొయ్యని పట్టుకుని ఒక ఇంగ్లీషువాడితో బేరమాడుతుంటాడు. ఆ యాత్రలో ఉన్న వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్ 1812లో రాసిన ఒక ఉత్తరం 1997లో వెలుగులోకి వచ్చింది. ఆ బేరం బొమ్మ గీసింది తుపాయా అని అందులో ఉంది. రెండు వందల ఏళ్ళ పైన దాటాక బొమ్మల కిందకి పేరు వచ్చి చేరింది.

నా పైలట్‌కి అలాంటి ఉత్తరం ఎక్కడైనా ఉందా? 1755 నవంబర్ 1న లిస్బన్ భూకంపంలో కాసా ద ఇండియా కాగితాలు పోయాయి. తూర్పు ఓడల లెక్కలన్నీ చూసిన కార్యాలయం అది. ఆ నష్టం తలుచుకున్నప్పుడల్లా సొంత ఇంట్లో కాగితాలు కాలినంత బాధ.

సాయంత్రం మూడు రకాలుగా రాసి చూశాను. "పైలట్, మలింది" అని "ప" కింద పెడితే ఓడలో సామాను జాబితాలా ఉంది. "మాలెమో కనకా" అని "మ" కింద పెడితే పోర్చుగీసు చెవికి వినబడినదాన్నే మళ్ళీ పేరు చేసినట్టవుతుంది. చివరికి అతని పనినే, అతని నేల మీది మాటలోనే పెట్టాను:

గణకుడు, మలింది పైలట్, అసలు పేరు తెలియదు, 112, 113, 118.

"మ" దగ్గర ఒక వరుస: మాలెమో కనకా, చూ. గణకుడు. ఇబ్న్ మాజిద్ దగ్గర కూడా అదే సూచన చేర్చాను.

అకారాది క్రమంలో సర్దమని కంప్యూటర్‌కి చెప్పి పేజీ చూశాను. "గ"కి దీర్ఘం లేదు కాబట్టి గణకుడు "గామా, వాస్కో డ"కి సరిగ్గా ఒక వరుస పైన వచ్చాడు. నేను కావాలని పెట్టింది కాదు. ఆ పేజీ ప్రింటు తీసి, తప్పులున్నాయేమోనని రెండుసార్లు చూశాను. లేవు.

రేపు "చ" నుంచి.