మొక్కల ట్యాంకులో సిక్లిడ్లు: ముందు నేల పంచండి, తర్వాత చేపలు కొనండి

మొక్కలు పెంచే అక్వేరియం ట్యాంకులో సిక్లిడ్లు పెట్టొచ్చా అంటే, ఏ సిక్లిడ్ అని ఎదురు అడగాల్సిందే. అది ఒక చేప పేరు కాదు, పదిహేను వందలకు పైగా జాతులున్న కుటుంబం. ఆస్కార్ మొక్కను వేళ్లతో సహా పీకి నీళ్ల మీద తేలుస్తుంది. కన్విక్ట్ జంట గుడ్లు పెట్టే ముందు ఇసుకనంతా తవ్వి ఓ మూలకు చేరుస్తుంది. ఆఫ్రికాలోని మలావీ సరస్సు ఎంబూనా సిక్లిడ్లకు పీహెచ్ 7.8 నుంచి 8.6 దాకా ఉండే కఠిన జలం కావాలి; పైగా రాళ్ల మీది పాచి గీకి తినే నోళ్లవి, మెత్తటి ఆకు కనబడితే ఊరుకోవు. ఇవన్నీ పోగా మొక్కలతోనూ, చిన్న చేపలతోనూ సర్దుకుపోయేవి ప్రధానంగా దక్షిణ అమెరికా పొట్టి రకాలు: బ్లూ రామ్, బొలీవియన్ రామ్, అపిస్టోగ్రామాలు. కాస్త పెద్దదే అయినా కీహోల్ సిక్లిడ్ కూడా నెమ్మదస్తురాలే, కాకపోతే దానికి 120 సెంటీమీటర్ల పొడవున్న ట్యాంకు ఉంటే మేలు.

ఇక్కడ లీటర్ల లెక్క పెద్దగా పనికిరాదు. 90×45×45 సెంటీమీటర్ల ట్యాంకులో 182 లీటర్లు పడతాయి. ఇసుక, చెక్క పోను నికరంగా 150. ఈ అంకె ఫిల్టర్‌కీ మందుల మోతాదుకీ కావాలి. సిక్లిడ్‌కి కావలసింది మాత్రం నేల. గుడ్ల మీదున్న రామ్ జంట ఇంచుమించు 30-40 సెంటీమీటర్ల మేర తనదేనంటుంది. అందుకే నీళ్లు పోయకముందే ట్యాంకు అడుగు కొలతకు కాగితం కత్తిరించి, ఎడమ వైపు ఒక హద్దు, కుడి వైపు ఒక హద్దు, మధ్యలో ఎవరిదీ కాని జాగా గీయండి. 90 సెంటీమీటర్లలో ఒక రామ్ జంట, లేదంటే ఒక మగ అపిస్టోగ్రామా కకటువాయిడెస్, దానికి రెండు మూడు ఆడవి. రెండూ కావాలంటే 120కి వెళ్లాలి. 60 సెంటీమీటర్ల ట్యాంకైతే ఒక్క జంటతో ఆగాలి, బేరం లేదు.

హద్దు నిలవాలంటే చూపు తెగాలి. చెక్కలు కనీసం సగం ఎత్తు దాకా లేవాలి. పరీక్ష సులువు: పక్క అద్దం దగ్గర ఇసుక మట్టానికి కన్ను ఆనించి చూడండి. అవతలి అద్దం నేరుగా కనబడితే, మగ చేపకూ కనబడుతుంది. ఆ చివర దాక్కున్న ఆడదాన్ని వెంటపడి తరుముతుంది. అపిస్టో ఆడవి గుహ పైకప్పుకు గుడ్లు అంటిస్తాయి కాబట్టి ఒక్కోదానికి ఒక్కో కొబ్బరి చిప్ప ఇవ్వండి. ద్వారం 3 సెంటీమీటర్లు మించక్కర్లేదు, ద్వారాలు ఒకదానికొకటి ఎదురుగా ఉండకూడదు. రామ్‌లకు గుహ అక్కర్లేదు, అరచేతి వెడల్పు చదును రాయి చాలు. రాతి మీద వెనిగర్ చుక్క వేసినప్పుడు నురగొస్తే అది సున్నపురాయి. కాఠిన్యం పెంచుతుంది, వద్దు.

అడుగున సాయిల్ (మొక్కలకు పోషకాలిచ్చే మట్టి) పరిచి పైన ఇసుక కప్పే పద్ధతి ఫొటోల్లో బాగుంటుంది. ఈ చేపలు నోటితో ఇసుక తీసి మొప్పల్లోంచి జల్లించేవి, గుంటలు తవ్వేవి. కొన్ని నెలల్లో ఆ రెండు పొరలూ కలిసిపోతాయి. అర నుంచి ఒక మిల్లీమీటర్ రేణువులున్న నున్నటి ఇసుక 5 సెంటీమీటర్లు పోయండి. పై కొలతకు 20 లీటర్లు, అంటే పొడిగా దాదాపు 30 కిలోలు. వేళ్ల ద్వారా పోషకాలు పీల్చే అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకొరైన్ మొక్కలకు ఎరువు బిళ్లలు లోతుగా గుచ్చాలి, గుహలకు ఓ జానెడు దూరంలో. గుహ పక్కనే గుచ్చితే చేప తవ్వి పైకి తీస్తుంది. ఎరువు నీళ్లలో కలిసి పాచి మొదలవుతుంది.

మొక్కల ఎంపికను ఉష్ణోగ్రత నిర్ణయిస్తుంది. బ్లూ రామ్‌కి 27-30 డిగ్రీలు కావాలి. చల్లబడితే జబ్బు పడుతుంది. ఆ వేడికి నిలిచేవి అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకొరైన్ వెండ్టీ, స్వోర్డ్. మొదటి రెండింటినీ చెక్కకు దారంతో కట్టాలి, కాండం ఇసుకలో పూడిస్తే కుళ్లుతుంది. క్రిప్ట్ నాటిన కొత్తలో ఆకులన్నీ కరిగిపోతే పీకెయ్యకండి, వేరు బతికే ఉంటుంది. మొక్కల్లో వైవిధ్యం కావాలనుకునేవాళ్లు 24-26 డిగ్రీల్లో హాయిగా ఉండే బొలీవియన్ రామ్ తీసుకోవడమే తెలివైన పని. రంగు తక్కువంటారు గానీ, ఒంటి గట్టిదనంలో బ్లూ రామ్ దాని దరిదాపుల్లోకి రాదు.

ఈ మొక్కలకు సీవోటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్ అవసరం లేదు. పెట్టాలనుకుంటే ఒక లెక్క గుర్తుంచుకోండి: 25 డిగ్రీల నీళ్లు లీటరుకు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటాయి, 30 డిగ్రీల్లో 7.6 మాత్రమే. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ముందు గ్యాస్ కట్టేసి, ఫిల్టర్ నీటి ధారను ఉపరితలం వైపు తిప్పండి. లైటు మొదటి నెల ఆరు గంటలు, తర్వాత ఎనిమిది.

చేపల్లేకుండా అమ్మోనియాతో ట్యాంకును సిద్ధం చేయడానికి, అంటే చేపల వ్యర్థాలను విరగ్గొట్టే బ్యాక్టీరియాను ఫిల్టర్‌లో పెంచడానికి, సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. లీటరుకు 2 మిల్లీగ్రాములు వేస్తే 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి రావాలి. పీహెచ్ 6.5 కిందికి జారితే బ్యాక్టీరియా మందగిస్తుంది, అందుకే లవణాలు తక్కువున్న మెత్తటి నీళ్లలో ఆలస్యమవుతుంది. పూర్తయ్యాక సగానికి పైగా నీళ్లు మార్చి చేపలు దించండి. ఫిల్టర్ గంటకు 750 లీటర్లు తిప్పేది చాలు.

దించే వరుస తప్పితే ఇంత ప్లానూ వృథా. ముందు రమ్మీనోజ్ లేదా కార్డినల్ టెట్రాలు పది పన్నెండు. ఇవి బయట తిరుగుతుంటే ప్రమాదమేమీ లేదని సిక్లిడ్లూ బయటికొస్తాయి. నియాన్ టెట్రా 29 డిగ్రీలకు తగదు. రెండు వారాలాగి ఆరు స్టెర్బై కోరీలు (అడుగున తిరిగే చిన్న క్యాట్‌ఫిష్‌లు), బ్లూ రామ్ ట్యాంకులోనైతే వేడి 28 డిగ్రీలు దాటనివ్వని పక్షంలోనే. సిక్లిడ్లు ఆఖరున. ముందే వస్తే ట్యాంకంతా రాయించేసుకుంటాయి. టైగర్ బార్బ్‌లు రెక్కలు కొరుకుతాయి, వద్దు. ఏంజెల్ చేప వద్దు, పెద్దదయ్యాక చిన్న టెట్రాలను మింగేస్తుంది. క్రిబెన్సిస్ అనే ఆఫ్రికా సిక్లిడ్ జంట పిల్లలతో ఉన్నప్పుడు కోరీల కళ్లు పొడుస్తుంది కాబట్టి ఆ రెండింటినీ కలపొద్దు.

కొనేటప్పుడు చిన్న పిల్ల రామ్‌కే పెద్దదాని రంగులు పూర్తిగా ఉంటే అనుమానించండి, హార్మోన్ పెట్టి ఉండొచ్చు. పొట్ట లోపలికి పీక్కుపోయినా, తెల్లటి దారంలా మలం వేలాడినా తీసుకోకండి. ఆడ రామ్‌కి పొట్ట గులాబీ రంగులో, పక్కనున్న నల్ల మచ్చలో నీలి పొలుసులు కనబడతాయి. నాలుగు వారాలు వేరే ట్యాంకులో ఉంచండి. మలద్వారం నుంచి ఎర్రటి సన్నని పోగులు బయటికి కనబడితే అది కమలానస్ పురుగు. దానికి లెవామిసోల్ మందు పనిచేస్తుంది, ప్రాజిక్వాంటెల్ పనిచేయదు.

ఆడ అపిస్టో ఒళ్లంతా పసుపెక్కి నల్ల గీతలు తేలాయంటే గుడ్లున్నట్టే. ఆ వైపు గొట్టంతో ఇసుక శుభ్రం చేయకండి, ఫిల్టర్ నోటికి స్పాంజి తొడగండి, వారానికి నాలుగో వంతు నీళ్ల మార్పు మాత్రం ఆపకండి. వేరే ఆడది రెక్కలు చిరిగి, పై మూలలో హీటర్ వెనక నక్కి, మేతకూ రాకపోతే నేల చాల్లేదన్నమాట. ఇంకో చెక్క సర్ది చూడండి, రెండు రోజుల్లో కుదరకపోతే దాన్ని వేరే ట్యాంకుకి మార్చేయండి.