హ్మాంగ్, లాత్వియన్ కలిపి నేర్చుకోవడం: ఇప్పటిదాకా ఎక్కడికి వచ్చాను

మే

నేనుండే అమెరికాలోని సెయింట్ పాల్‌లో హ్మాంగ్ రోజూ చెవిన పడుతుంది. 1975 తర్వాత లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చినవాళ్ల కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. రైతుల సంతలో కాకరకాయలు, నిమ్మగడ్డి అమ్మేవాళ్లలో చాలామంది వాళ్లే. లాత్వియన్ యూరప్‌లోని లాత్వియా దేశపు భాష, ఆఫీసులో నా పక్క సీటావిడది. ఈ రెంటికీ చుట్టరికం లేదు. లాత్వియన్, లిథువేనియన్ అక్కచెల్లెళ్లు, సంస్కృతానికి దూరపు బంధువులు. హ్మాంగ్ దక్షిణ చైనా కొండల వైపు నుంచి వచ్చిన వేరే కుటుంబం. లాత్వియన్ మాట చివర మార్చి అర్థం చెబుతుంది, హ్మాంగ్ అలా మార్చదు. అందుకే రెండూ ఒకే నోట్‌బుక్‌లో, ఎడమ పేజీ హ్మాంగ్, కుడి పేజీ లాత్వియన్.

మొదట కుదరాల్సింది రాత. హ్మాంగ్‌కి 1950ల మొదట్లో లావోస్‌లో మిషనరీలు స్థిరపరిచిన రోమన్ లిపి వాడుతున్నా. మామూలు ఇంగ్లీషు కీబోర్డు చాలు, గుర్తులేవీ అక్కర్లేదు. కానీ అక్షరాల విలువలు వేరు. ఆర్ రాస్తే ట, ఎక్స్ రాస్తే స, ఎస్ రాస్తే ష. ఆర్ పక్కన హెచ్ వస్తే ఠ. ప్రతి మాట కింద తెలుగు అక్షరం రాసుకోవడం మొదలుపెట్టాక ఇది తేలికైంది. తెలుగు పిల్లలు ఒకటో తరగతిలో విడిగా నేర్చుకునే త, థ, ట, ఠ నాలుగూ అక్కడ విడివిడి ధ్వనులే.

మాట చివర రాసే హల్లును పలకరు. అది స్వరం గుర్తు, అంటే ఆ మాటను గొంతు ఏ ఎత్తులో పెట్టి పలకాలో చెప్పేది; స్వరం మారితే అర్థమే మారిపోతుంది. పొ పక్కన బి రాస్తే బంతి, వి రాస్తే విసరడం, జె రాస్తే ఆడ, ఎస్ రాస్తే ముల్లు, జి రాస్తే నాయనమ్మ, ఎం రాస్తే చూడటం. గొంతు ఎక్కడుండాలో పేజీ మీదే ఉంది. ఈ లిపి చేసినవాళ్ల మీద నాకు గౌరవం కలిగింది ఇక్కడే.

జులై

లాత్వియన్ వ్యాకరణం అంటే అందరూ విభక్తుల గురించి భయపెడతారు. సంబోధనతో కలిపి ఏడు. తెలుగువాళ్లు టెన్షన్ పడాల్సిన పనే లేదు. రీగ అంటే నగరం పేరు, రీగా అని చివర దీర్ఘం తీస్తే రీగలో. హ్రస్వ దీర్ఘాల తేడాతోనే అర్థం మారడం మనకు పుట్టుకతో వచ్చిందే. కజస్ అంటే మేకలు, కాజస్ అంటే పెళ్లి.

ఇంకా బాగా కలిసేది వాక్యం నిర్మాణం. మన్ ఇర్ బ్రాలిస్ అంటే నాకు అన్నదమ్ముడున్నాడు. మన్ పతీక్ అంటే నాకు నచ్చుతుంది. మన్ సాప్ గల్వ అంటే నాకు తల నొప్పి. ఇంగ్లీషులో ఇవి ఆలోచిస్తే మెలికలు పడతాయి, తెలుగులో ఆలోచిస్తే మాటకు మాట దిగుతాయి. వినికిడి మాటలకు వేరే క్రియారూపం కూడా ఉంది. యానిస్ ఎసొత్ రీగా అంటే యానిస్ రీగలో ఉన్నాడట. ఆ 'ట' దొరికిన రోజు ఎంత సంతోషమేసిందో! అప్పట్నుంచి ఇంగ్లీషు అర్థాలు రాయడం మానేసి కుడి పేజీలో తెలుగు మాత్రమే రాస్తున్నా. దూమి పక్కన ధూమం, నక్త్స్ పక్కన నక్తం.

హ్మాంగ్‌లో విభక్తి లేదు, కాలాన్ని బట్టి క్రియ మారదు. బదులుగా ప్రతి వస్తువుకూ, అంకె పక్కన చేర్చే ఒక లెక్కింపు పదం. మనుషులకు, జంతువులకు తు, ఇళ్లకు లు, పుస్తకాలకు ఫౌ. మనకు ఇద్దరు, ముగ్గురు అని మనుషుల వరకే ఉన్న తేడాను వాళ్లు ప్రతిదానికీ పాటిస్తారు. ముందున్న మాట స్వరాన్ని బట్టి పక్క మాట స్వరం మారుతుంది కూడా: తు మామూలుగా కింది స్వరం, 'ఒకటి' తర్వాత వస్తే చివర జి రాసే, ఊపిరి కలిసిన స్వరం. అందువల్ల ఫ్లాష్‌కార్డుల్లో విడి మాటలు తీసేసి అంకె, లెక్కింపు పదం, నామవాచకం మూడూ కలిపి రాశాను. సంతలో కూరగాయలు కొంటూ అవే వాడుతున్నా.

సెప్టెంబరు

ఈ నెలంతా ప్రాత్‌తోనే. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో తయారైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది, గొంతు ఎత్తుపల్లాలను గీతగా చూపిస్తుంది. పిచ్ హద్దులు ఆడగొంతుకు 100 నుంచి 500 హెర్ట్జ్, మగగొంతుకు 75 నుంచి 300 పెట్టుకుంటే గీత శుభ్రంగా వస్తుంది. స్థానికుల రికార్డింగు పైన, నాది కింద పెట్టి చూస్తున్నా.

లాత్వియన్‌లోనూ స్వరాలున్నాయని కొత్తగా నేర్చుకునేవాళ్లకు చాలామంది చెప్పరు. లుఓక్స్ అని సమంగా సాగదీస్తే ఉల్లికాడ, కిందికి జారిస్తే విల్లు, మధ్యలో గొంతు బిగించి విరిస్తే కిటికీ. కిటికీకి రాతలో కె బదులు జి ఉంటుంది, మిగతా రెంటికీ ఆ తేడా కూడా లేదు. దీర్ఘాలను గీత పెట్టి చూపించే లిపి స్వరాన్ని అసలు చూపించదు. మూడూ విడిగా పలికేది లాత్వియాలోని విద్‌జెమె ప్రాంతంలో కొన్ని చోట్లే, చాలామంది మాటలో రెండే మిగిలాయి.

అన్నిటికన్నా నచ్చింది ఇది. హ్మాంగ్‌లో చివర ఎం రాసే స్వరం, లాత్వియన్ విరుపు స్వరం, రెంటిలోనూ ప్రాత్ గీత మధ్యలో తెగుతుంది. రెండు చోట్లా గొంతు బిగుసుకుని కిరకిరలాడుతుంది. వేల మైళ్ల దూరంలో, ఏ సంబంధమూ లేని రెండు జాతులు గొంతుతో ఒకే పని చేస్తున్నాయి. హ్మాంగ్‌లో అది నేర్చుకున్నాక లాత్వియన్ కిటికీ దానంతటదే పలికింది. 'స్వరాల భాష కష్టం, యూరప్ భాష తేలిక' అనే మాట ఇక నేను ఒప్పుకోను. స్వరాన్ని రాసి చూపే భాషే నాకు త్వరగా వస్తోంది. లాత్వియన్‌లో అక్షరం చదివేసి వచ్చేసిందనుకుంటే చెవి వెనకబడుతుంది.

లాత్వియన్ టైపింగ్‌కి విండోస్‌లో లాత్వియన్ కీబోర్డు పెట్టుకుని, అపాస్ట్రఫీ తర్వాత అచ్చు నొక్కితే దీర్ఘం వస్తుంది. ఏ మాట ఏ రూపం అనే అనుమానానికి తేజౌర్స్ అనే ఆన్‌లైన్ నిఘంటువులో పూర్తి విభక్తి పట్టికలున్నాయి.

ఇక ముందు లాత్వియన్‌కి దైనలు పట్టుకుంటా. క్రిష్‌యానిస్ బరొన్స్ 1894 నుంచి 1915 దాకా అచ్చువేయించిన ఈ జానపద పద్యాలు రెండు లక్షలకు పైగా ఉన్నాయి. ఎక్కువగా నాలుగు పాదాలవి, బిగ్గరగా చదవడానికి సరిపోయే నిడివి. హ్మాంగ్‌కి కెంగ్ అనే వెదురు వాద్యం రికార్డింగులు వినాలి. అంత్యక్రియల్లో దాని మీద వాయించే స్వరాలు మాటల స్వరాలకు బదులుగా నిలుస్తాయి. ఒక చిన్న ముక్క తీసుకుని, ప్రాత్‌లో వాద్యం గీత పక్కన మాట గీత పెట్టి చూస్తా.