కృష్ణపట్నం మొగ దగ్గర బోటు అదురు

నెల్లూరు నుంచి ముత్తుకూరు మీదుగా కృష్ణపట్నం చేరేసరికి కండలేరులో పాటు నడుస్తోంది. ఒడ్డుకు లాగిన ఇనప బోటు అడుగు రేకును సుత్తితో కొడితే ఖంగుమంది. పక్కనే నీళ్లలో ఉన్న అలాంటి బోటునే లోపలి నుంచి కొడితే మోత బొంగురుగా వచ్చింది. ఆ తేడా చూడ్డానికే వెళ్లాం.

రేకు అదిరితే దాన్నంటిన నీళ్లూ దాంతోపాటే ఊగాలి. ఆ నీళ్ల బరువు రేకు బరువుకు కలుస్తుంది. 6 మిల్లీమీటర్ల రేకు చదరపు మీటరుకు 47 కిలోలు. రేకు వంగకుండా వెనక వేసే పట్టీల మధ్య గడి మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉంటే, ఒకవైపు సముద్రపు నీరు చదరపు మీటరుకు ఇంకో 145 కిలోల దాకా తగిలిస్తుంది. అదురు బరువు వర్గమూలాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి, బరువు నాలుగింతలైతే సెకనుకు అదురులు సగం. ఒడ్డున కొలిచిన అంకె నీళ్లలో ఎందుకూ పనికిరాదు.

ఓడ మొత్తానికి ఇంత ఘోరం కాదు. అడ్డుకోత (అడ్డంగా కోస్తే కనిపించే ఆకారం) అర్ధవృత్తంలా ఉన్న పొడవాటి ఓడ కిందికీ పైకీ అదిరితే, కలిసే నీరు దాదాపు ఓడ బరువంత. అదురు వేగం 29 శాతం పడిపోతుంది. అడ్డుకోత ఆకారాన్ని బట్టి ఈ బరువు కట్టే పద్ధతిని ఇంజనీరు ఫ్రాంక్ లూయిస్ 1929లో ఇచ్చాడు. అవతల రేవులో బొగ్గు దించేసి పైకి తేలిన ఓడకు సొంత బరువూ తగ్గింది, కలిసే నీరూ తగ్గింది. కాబట్టి నిండు ఓడకో లెక్క, ఖాళీ ఓడకో లెక్క.

పోటు మొదలయ్యాక బోటెక్కాం. సెకనుకు ఎన్ని అదురులో చూపించే ఫోనును వెనక డెక్కు రేకుకు టేపుతో బిగించాం. చేత్తో పట్టుకుంటే చెయ్యే అదురును మింగేస్తుంది. గేరు మూడుకు ఒకటి, అంటే ఇంజను మూడు చుట్లు తిరిగితే నీళ్లలో బోటును తోసే ఫ్యాను ఒక చుట్టు; ఫ్యానుకు నాలుగు రెక్కలు. ఇంజను నిమిషానికి 1,350 చుట్ల దగ్గర, రెక్క దెబ్బలు రేకు సొంత అదురుతో కలిసి, డెక్కు జుమ్మంది: ఫ్యాను 450 చుట్లు, అంటే సెకనుకు 30 రెక్క దెబ్బలు.

"మొగ దాటితే అదే పోద్దిలే సార్" అన్నాడు సరంగు. పోయింది, కానీ 1,450 దగ్గర మళ్లీ వచ్చింది. లోతు తక్కువైతే అడుగుకీ ఇసుకకీ మధ్య నీరు నలిగి పక్కలకు వేగంగా జారాలి. కలిసే బరువు పెరుగుతుంది, అదురు కింది చుట్లకే తగులుతుంది. లోతులో అది పైకి జరుగుతుంది.

లోతుతోపాటు జుమ్మనే చుట్లు మారాయంటే రేకుకు పట్టీ వేయాలి, లేదా ఆ చుట్ల దగ్గర నిలపకుండా నడపాలి. అదురు లోతు మారినా మారకుండా, చుట్లతోపాటు పెరుగుతూ, 1,350 దగ్గర ఫోను సెకనుకు 30 బదులు 7.5 (ఫ్యాను చుట్టుకు ఒక్కటే) చూపిస్తే మాత్రం నీళ్ల సంగతి వదిలేసి ఫ్యాను విప్పాలి: రెక్క వంగిందో, షాఫ్టు వంగిందో.