1805 నాటి మద్రాసు సిపాయికి నామం దిద్దిన నా అనుభవం

నిన్న చిన్న సైనికుల బొమ్మలకు రంగులు వేసే పోటీ ఎగ్జిబిషన్‌లో జరిగిన విషయం నన్ను ఇంకా కుదురుగా ఉండనివ్వడం లేదు. కోపం చల్లారాక రాస్తే సగం మర్చిపోతాను కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను. ఈ తరహా బొమ్మలకు రంగులు వేసేవాళ్లకు పనికొచ్చే సంగతులు కూడా ఇందులో ఉంటాయి.

నేను వేసింది మద్రాసు నేటివ్ ఇన్‌ఫాంట్రీ (కంపెనీ సైన్యంలో మనవాళ్ల కాల్బలం) 1వ పటాలం, మొదటి బెటాలియన్ సిపాయి. 54 మిల్లీమీటర్ల రెజిన్ ఫిగర్. ఈస్టిండియా కంపెనీ జీతం మీద బతికిన మన దక్షిణాది సిపాయిలను ఎవరూ వేయరు. ఏ పోటీకి వెళ్లినా బల్లల నిండా నెపోలియన్ గార్డులు, స్కాట్లండ్ హైలాండర్లే. మనవాళ్లు లేరా అంటే ఉన్నారు. 1756లో క్లైవు బెంగాలుకు వెంటబెట్టుకుని వెళ్లింది మద్రాసు సిపాయిలనే. ఉత్తరాదిలో సిపాయి అంటే చాలాకాలం ‘తిలంగా’ అనే పిలిచేవారు. అంత పేరు మోసినవాళ్ల బొమ్మ కోసం వెతికితే ఒకటో రెండో దొరుకుతాయి, వాటికి రంగుల గైడ్ ఉండదు.

ఫిగర్‌ను సబ్బునీళ్లలో కడగడం, అతుకుల గీతలు గీకడం, చేతులకు సన్న తీగ దించి అతికించడం, రంగు పట్టేందుకు ముందుగా బూడిదరంగు ప్రైమర్ కొట్టడం, ఇవన్నీ మామూలే. ఎర్ర కోటు కూడా నన్ను ఇబ్బంది పెట్టలేదు. ఎరుపు వేయడంలో నాకు చెయ్యి తిరిగింది. నీడల్లో ముదురు గోధుమ, ఊదా కలిపి దించాలి. వెలుగుల్లో నారింజ వైపు ఎత్తాలి. తెలుపు కలిపితే గులాబీ అయిపోతుంది. నిన్న ఆ హాల్లో అంత శుభ్రమైన ఎరుపు ఇంకో బల్ల మీద లేదు, ఈ మాట ధైర్యంగా చెబుతాను. కాలరు, కఫ్‌ల రంగు మాత్రం పటాలానికో రకం. పెట్టె మీద అచ్చేసిన బొమ్మను నమ్మి వేయకండి, ఆ పెట్టెలు వేసేవాళ్లకు బెంగాలు సిపాయికీ మద్రాసు సిపాయికీ తేడా తెలియదు.

అసలు పని చర్మం దగ్గర మొదలైంది. ఆ కాలపు మద్రాసు సిపాయికి ప్యాంటు లేదు. తెల్లటి పొట్టి జాంగియా, కాళ్లకు చెప్పులు. అంటే తొడల నుంచి పాదాల దాకా చర్మమే. గైడ్లన్నీ ‘ఇండియన్ స్కిన్’ అని ఒకే సీసా చూపిస్తాయి. అది వేస్తే మనిషిలా ఉండడు, మట్టి పూసిన బొమ్మలా ఉంటాడు. నాకు పనిచేసిన పద్ధతి ఇది. ఎరుపు కలిసిన గోధుమరంగు బేస్‌గా వేసి, నీడలకు నలుపు బదులు ముదురు నీలం కలిపాను. వెలుగులకు పసుపు ఓకర్ (పసుపు మట్టిరంగు) వాడాను. తెలుపు కలిపితే చర్మం బూడిద పూసినట్టు పాలిపోతుంది. మోకాళ్లు, మోచేతులు కొంచెం ముదురుగా ఉండాలి. అరచేతులు, గోళ్లు లేతగా ఉండాలి. పెదవులకు గోధుమలో చిటికెడు ఊదా. కళ్లలో స్వచ్ఛమైన తెలుపు పెట్టకండి, లేత బూడిద చాలు. పల్చటి గ్లేజులు (కింది రంగు కనిపించేలా వేసే పూతలు) ఒకదాని మీద ఒకటి ఆరనిస్తూ వెళ్లాలి. తొందరపడేవాళ్లకు ఈ పని కుదరదు.

ఇక నుదురు. నేను ఈ ఫిగర్ కొన్నదే దాని కోసం.

1805 నవంబరులో మద్రాసు సైన్యానికి కొత్త తలపాగా వచ్చింది. దాని మీద తోలు కాకేడ్ (తలపాగాకు తగిలించే అలంకారపు బిళ్ల) ఒకటి. చూడటానికి దొరల టోపీలా ఉండేది. 1806లో స్టాండింగ్ ఆర్డర్లు, అంటే సైన్యమంతా పాటించాల్సిన నియమాలు అచ్చయ్యాయి. యూనిఫాంలో ఉన్నప్పుడు ముఖం మీద కులమత గుర్తులు ఉండకూడదు, చెవిపోగులు ఉండకూడదు, పరేడుకు గడ్డం గీసుకుని రావాలి, మీసాలన్నీ ఒకే తీరున ఉండాలి. కమాండర్ ఇన్ చీఫ్ సర్ జాన్ క్రాడక్, గవర్నరు విలియం బెంటింక్. మే నెలలో వెల్లూరులో ఆ కొత్త తలపాగా పెట్టుకోబోమని ఎదురు తిరిగినవాళ్లలో ఒక హిందువుకు, ఒక ముస్లింకు కొరడా దెబ్బలు పడ్డాయి. జూలై 10 తెల్లవారకముందే కోటలోని సిపాయిలు తిరగబడ్డారు. 1వ పటాలం రెండు బెటాలియన్లు, 23వ పటాలం రెండో బెటాలియన్ కలిసి 69వ రెజిమెంటు తెల్లసైనికుల మీద పడ్డాయి. వందకు పైగా యూరోపియన్లు చనిపోయారు. టిప్పు సుల్తాను కొడుకులు అప్పుడు ఆ కోటలోనే నిర్బంధంలో ఉన్నారు. ఆర్కాటు నుంచి 19వ లైట్ డ్రాగూన్ల గుర్రపు దళంతో గిలెస్పీ అనే అధికారి వచ్చి అణిచేశాక సిపాయిలు వందల్లో చచ్చారు. తర్వాత ఆ ఆర్డర్లను రద్దు చేశారు, క్రాడక్‌నూ బెంటింక్‌నూ వెనక్కి పిలిపించారు, ఆ మూడు బెటాలియన్లనూ చెరిపేశారు. 1857 కంటే అర్ధశతాబ్దం ముందు జరిగిన సంగతి ఇది. చెరిపేసిన పటాలం కాబట్టే దాని గురించి ఎవరికీ తెలియదు.

అలాంటి సిపాయి నుదుటి మీద నామం లేకుండా ఎలా వేస్తాను? నా సిపాయి తలమీద పాత తలపాగా ఉంది, కాకేడ్ లేదు. అంటే ఇతను ఆ ఆర్డర్లు రాకముందు మనిషి. ముఖం ఇంకా అతనిదే. అందుకే తిరునామం, చెవులకు పోగులు, తనకు నచ్చిన మీసం. కింద కార్డు మీద ‘మద్రాసు సిపాయి, 1805’ అని స్పష్టంగా రాశాను.

చెప్పడం తేలికే, వేయడమే ప్రాణం తీసింది. 54 మిల్లీమీటర్ల బొమ్మ అంటే దాదాపు 32వ వంతు. నిజంగా మూడు సెంటీమీటర్ల వెడల్పున్న నామం ఇక్కడ మిల్లీమీటరు కూడా రాదు. అందులో రెండు తెల్లగీతలు, మధ్యలో ఎర్ర శ్రీచూర్ణం. ఎంత సన్న బ్రష్ పట్టినా, తెలుపు బ్రష్ మొనమీదే ఎండిపోతుంది. పల్చన చేస్తే కనుబొమలోకి కారుతుంది. చిక్కగా ఉంటే గడ్డకట్టి పుండులా లేస్తుంది. కిందున్న గోధుమరంగు తెలుపులోంచి తొంగిచూస్తుంది. రాత్రుళ్లు తలకు భూతద్దం కట్టుకుని కూర్చుంటే మెడ పట్టేసేది. చెరపడం, మళ్లీ చర్మం గ్లేజులు వేయడం, మళ్లీ గీయడం. ఇంట్లోవాళ్లు పలకరిస్తే ఊపిరి బిగబట్టి చేత్తో సైగ చేసేవాణ్ణి.

చివరికి దారి దొరికింది. గీతను గీతలా గీయకూడదు. ముందు నుదుటి మీద కావలసినదానికంటే వెడల్పుగా దంతపు రంగు పట్టీ వేయాలి. అది ఆరాక పైన స్వచ్ఛమైన తెలుపు. ఆ తర్వాత రెండు వైపుల నుంచీ చర్మం రంగుతో కోసుకుంటూ రావాలి. అంచులు కత్తితో తీర్చినట్టు వస్తాయి. ఎరుపు ఆఖర్న, రంగు త్వరగా ఆరకుండా చేసే రిటార్డర్ చుక్క కలిపి, పైనుంచి కిందికి ఒకే తాకిడి. నామం అడుగు ముక్కు మొదలుదాకా దిగితే ఒక సంప్రదాయం, పాదం లేకపోతే ఇంకొకటి. అది కూడా ముందే తేల్చుకుని వేయండి, ఏదో ఒకటిలే అని గీకితే ఆ సిపాయిని మనమూ పట్టించుకోనట్టే. నాది పాదం ఉన్నదే.

ఇంత చేసి నిన్న తీసుకెళ్తే జడ్జి గారు భూతద్దం కూడా తీయకుండా వంగి చూసి, “బాబూ, యూనిఫాంలో నామం పెట్టుకోకూడదని రూలు ఉండేది. అది కూడా చదవకుండా వేశారా?” అన్నారు, నలుగురూ వినేలా.

“ఆ రూలు వచ్చింది 1806లో సార్. కార్డు మీద 1805 అని ఉంది. తలపాగా చూడండి, పాతది” అన్నాను.

“చరిత్ర సంగతి మాకూ తెలుసండీ. చూసేవాళ్లకు అది బ్రష్ జారినట్టు కనిపిస్తోంది. తీసేస్తే ముఖం క్లీన్‌గా ఉండేది” అని పక్క బల్లకు వెళ్లిపోయారు. పక్కన నిలబడ్డవాళ్లు నన్ను జాలిగా చూశారు. నాకు గొంతు పట్టేసింది. యూనిఫాం మార్కుల్లో కోత పడింది.

క్లీన్‌గా ఉండాలట. రెండువందల ఏళ్ల కిందట క్రాడక్ కోరింది కూడా అదే కదా! పరేడులో ముఖాలన్నీ ఒకే తీరుగా శుభ్రంగా కనిపించాలని. హైలాండర్ గళ్లబట్టలో ఒక్క చారిక తప్పితే పట్టుకునే కళ్లకు, మన నుదుటి మీది నామం జారిన రంగులా కనిపించడం నాకు బాధగా ఉంది. బొమ్మల పోటీ అయినా సరే, తీర్పు చెప్పేవాళ్లు బల్ల మీదున్న కార్డు చదవాలి. పటాలం పేరు తెలియకపోతే వేసినవాణ్ణి అడగాలి. అడగడంలో చిన్నతనం లేదు.

నేను నామం తీయను. మార్కులు పోతే పోనీ.

మీరు కూడా ఇలాంటి అరుదైన పటాలం వేసి పోటీకి తీసుకెళ్తుంటే, కార్డు మీద పేరు, సంవత్సరం మాత్రం రాసి ఊరుకోకండి. ఏ ఆర్డరుకు ముందు, ఏ ఆర్డరుకు తర్వాత అన్నది ఒక పేజీలో రాసి బొమ్మ ముందే పెట్టండి. మ్యాట్ వార్నిష్ కొడితే శ్రీచూర్ణం ఎరుపు కొంచెం మసకబారుతుంది, కాబట్టి వార్నిష్ ఆరాక ఆ ఒక్క గీతను మళ్లీ తాకండి. నా తర్వాతి ఫిగర్ ఇదే బెటాలియన్‌లోని ముస్లిం సిపాయి, గడ్డంతో. రెజిన్ గడ్డం నున్నగా పోతపోసి ఉంది, దాన్ని సూదితో వెంట్రుక వెంట్రుకగా చెక్కే పని ఇవాళ రాత్రే మొదలుపెడుతున్నాను.